గాలి కోసం ఒక అప్పీలు

భూపాలపల్లి బొగ్గుబాయి ఆఫీసులో నేను కూర్చునే గదికి కిటికీ లేదు. అంతకు ముందు అది ఇనప సామాన్లు పెట్టుకునే కొట్టు. దుమ్ము రాదని కంప్యూటరు కోసం దాన్నే ఎంచుకున్నారట. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడ గడియారం. బల్ల మీది తెరలో పదహారు గడులు. భూమి కింద పదహారు చోట్ల గాలిని కొలిచే యంత్రాలు బిగించి ఉండేవి, ఒక్కో గడి ఒక్కో యంత్రానిది. అక్కడి గాలిలో విషవాయువు ఎంత ఉందో తీగ మీదుగా పైకి వచ్చి నా ముందు అంకెగా కనపడేది. అంకె హద్దు దాటితే గడి ఎర్రబడి గంట మోగుతుంది. అప్పుడు నేను ఫోనెత్తి బాయి నోటి దగ్గర షిఫ్టు చూసుకునే ఓవర్‌మెన్‌కు చెప్పాలి. నా ఉద్యోగం అంతే.

నేను గని మనిషిని కాదు. ఆ కంప్యూటర్లు పెట్టిన హైదరాబాదు కాంట్రాక్టరు మనిషిని. మాది మానుకోట పక్కన తండా. కాగితాల మీద మహబూబాబాద్ అని ఉన్నా మా నోట ఎప్పుడూ మానుకోటే. జనగామలో ఎంసీఏ చదివాను. మా అన్న అప్పటికే ఆ బాయిలో పంపు ఆపరేటరు, కింద ఊరే నీళ్ళను పైకి తోడే పని. నేను అన్నావదినల క్వార్టర్లోనే ఉండేదాన్ని. ఇంట్లో తండా భాష, గడప దాటితే తెలుగు.

చేరిన రెండు నెలల్లోనే ఒక సంగతి నా కంటబడింది. కాంట్రాక్టరు అన్ని పనులనూ ఒకే మిషను మీద పెట్టాడు. గాలి అంకెలు, హాజరు, స్టోరు సామాన్లు, జీతాల కాగితాలు, అన్నీ దానిమీదే. నెలాఖరులో జీతాల కాగితాలు అచ్చవుతున్నంతసేపూ నా తెర మీద పదహారు గడులూ కదిలేవి కావు. ఆరిపోయేవీ కావు. చివర వచ్చిన అంకెను పట్టుకుని పచ్చగా అలాగే ఉండేవి. గాలి నిజంగా బాగుండి మారని అంకె ఎలా ఉంటుందో, మిషను తీరిక లేక ఆగిపోయిన అంకె కూడా అచ్చం అలాగే ఉంటుంది.

కాంట్రాక్టరు మేనేజరుకు ఫోను చేశాను. "సార్, నెలాఖర్ల అంకెలు కదుల్తలేవు" అన్నాను.

"కదుల్తలేవు అంటే ఏమిటమ్మా? కాస్త తెలుగులో చెప్పు" అన్నాడాయన. పక్కనెవరో నవ్వారు. తర్వాత, "మిషన్ బిజీగా ఉంటే కొంచెం ఆలస్యమవుతుంది. మళ్ళీ అదే సర్దుకుంటుంది" అని పెట్టేశాడు.

నాకు కోపం కన్నా భయం ఎక్కువైంది. ఒక నోటుబుక్కు కొని, అరగంటకోసారి గోడ గడియారం చూసి టైమూ, పదహారు అంకెలూ చేత్తో రాయడం మొదలుపెట్టాను. ఎవరూ రాయమనలేదు. నాకెందుకో అది చేయకుండా కూర్చోవడం చేతకాలేదు.

మా పక్క క్వార్టర్లో చిట్యాల నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. బొగ్గు తీసేసిన పాత చోట్లను గోడ కట్టి మూసేస్తారు. ఆ గోడల వెనక మిగిలిన బొగ్గు ఒక్కోసారి తనంతట తనే వేడెక్కి, కనపడని పొగలా విషవాయువు వదులుతుంది. గోడలకు పగుళ్ళు పడితే మట్టీ సున్నం పెట్టి పూడ్చడం ఆయన పని. నన్ను చూస్తే, "బిడ్డా, నువ్వు మీద కూసోని మా ముక్కులు కాస్తున్నవ్" అని నవ్వేవాడు.

ఒక నెలాఖరు రోజు జీతాల కాగితాలు అచ్చవుతున్నాయి. పొద్దున పదకొండు నుంచి ఏడో గడిలో ఒకటే అంకె. నోటుబుక్కులో అదే అంకె నాలుగుసార్లు రాశాను. నాలుగోసారి రాస్తూ ఓవర్‌మెన్‌కు ఫోను చేసి, "అన్నా, ఏడో నంబరు దిక్కు ఎవరన్న ఉన్నరా? నాకు మంచిగ అనిపిస్తలేదు" అన్నాను.

"ఎర్రగైందా?"

"కాలే. పచ్చగనే ఉంది."

"పచ్చగుంటె ఇంకేంది? పరేషాన్ గాకు."

ఆ తర్వాత పది నిమిషాలకు అచ్చు ఆగింది. ఏడో గడి ఒక్క ఊపున ఎర్రబడింది. గంట మోగింది. కిందున్న వాళ్ళు పరుగెత్తేసరికి మా పక్కింటి పెద్దమనిషి గోడ కింద ఒరిగిపోయి ఉన్నాడు. ఇద్దరు మోసుకొచ్చారు. నేను గది వదిలి బాయి నోటి దగ్గరికి పోయి చూశాను. ఆయన ముఖం వాడిపోలేదు. ఎండలో నడిచొచ్చిన మనిషిలా చెంపలు ఎర్రగా, నిండుగా ఉన్నాయి. ఆ ఎరుపు చూసి ఓవర్‌మెన్ తల పట్టుకుని కూర్చున్నాడు. అది ఆ గాలి పూసే రంగని నాకు తర్వాత తెలిసింది.

దవాఖానలో ప్రాణవాయువు పెట్టారు. వారంలో ఇంటికొచ్చాడు. వాకిట్లో మంచం వేసుకుని వచ్చిన వాళ్ళందరికీ, "సచ్చి బతికిన" అని నవ్వుతూ చెప్పాడు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. మూడు వారాలు గడిచాక ఒక పొద్దున ఆయన మా ఇంటి తలుపు తెరుచుకుని లోపలికి వచ్చి మా వదినతో, "అన్నం పెట్టు" అన్నాడు. తన ఇల్లనుకున్నాడు. మర్నాడు నల్లా ఎట్లా తిప్పాలో మర్చిపోయాడు. ఇంకో పది రోజులకు పెళ్ళాన్ని చూసి, "నువ్వెవరి బిడ్డవు?" అని అడిగాడు. ఆ గాలి కొందరిని అప్పుడు వదిలేసినట్టే వదిలి తర్వాత వచ్చి పట్టుకుంటుందని డాక్టరు చెప్పాడు. మందు ఉందో లేదో మాత్రం చెప్పలేదు.

ఆయన భార్య ఒకరోజు నా దగ్గరికి వచ్చి గడపలో కూర్చుంది.

"బిడ్డా, నువ్వు కంప్యూటర్ల సూస్తుంటవు గద. ఆనాడు సూడలేదా?"

"చూసిన అవ్వా. అంకె మంచిగనే ఉండె."

"మరి గట్లెట్లయింది?"

నాకు జవాబు తెలుసు. కానీ మిషను, అచ్చు, ఆగిపోయిన అంకె అంటూ ఆమెకు చెబుతుంటే నన్ను నేను కాపాడుకుంటున్నట్టు అనిపించింది. ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చున్నాను.

ఆ ప్రమాదం మీద జరిగిన విచారణ రిపోర్టులో మాత్రం ఆలస్యం ఏమీ లేదని రాశారు. గడి ఎర్రబడిన క్షణానికీ గంట మోగిన క్షణానికీ మధ్య తేడా లేదట. అది నిజమే. మిషను తన పుస్తకంలో రాసుకునేది అంకె తెర మీదికి వచ్చిన టైము. గాలి చెడిన టైము దానికి తెలియదు.

ఆ ఆదివారం జనగామ బస్సెక్కాను. నాకు కంప్యూటర్లు నేర్పిన సార్ అక్కడే, రైలు పట్టాలకు అవతల వీధిలో ఉండేవాడు. ఎవరి రాతలో తప్పు కనబడినా ఎర్ర పెన్నుతో దిద్దకుండా ఉండలేని మనిషి. పెళ్ళి పత్రికలు కూడా దిద్ది పంపేవాడు. నేను చెప్పిందంతా విని, నోటుబుక్కు రెండుసార్లు తిరగేసి, పాత ప్రశ్నపత్రం వెనక గీతలు గీయడం మొదలుపెట్టాడు.

"మిషనుది తప్పు గాదమ్మా. ముందొచ్చిన పనిని ముందు చేస్తది, అంతే. దవాఖానల వరుస పెట్టినట్టు. రక్తం కారేటోడు వెనక నిలబడితె వాన్ని ఎవరు ముందుకు పిలవాలె? మిషనుకు గది మనం నేర్పలే."

ఆర్నెల్లు ఆదివారాలన్నీ అదే పని. కాలేజీ ల్యాబులో మూలకు పడేసిన రెండు కంప్యూటర్లను సార్ అడిగి తెచ్చాడు. మేం చేసింది మాటల్లో చెబితే చిన్నగానే ఉంటుంది. మిషను శక్తిలో కొంత భాగాన్ని ప్రాణాపాయం చెప్పే పనుల కోసం ఎప్పుడూ పక్కన పెట్టడం. అవసరం లేనప్పుడు వేరే పనులు ఆ భాగాన్ని వాడుకోవచ్చు, పిలుపు రాగానే మాత్రం సగంలో వదిలి లేచిపోవాలి. ఎంత భాగం పక్కన పెట్టాలన్నది ఒకే కొలత కాదు. కింద అంకెలు మెల్లగా ఎక్కుతున్న తీరు చూసి, హద్దు దాటకముందే మిషను తనే ఆ భాగాన్ని పెంచుకుంటుంది. ఒక అంకె పాతబడితే పచ్చగా ఉండనివ్వకుండా బూడిదరంగులోకి మార్చేస్తుంది. మొదటిసారి ఆ గడి బూడిదరంగులోకి తిరిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

కాంట్రాక్టరుకు పంపితే, తమ మిషనులో లోపం లేదని జవాబు వచ్చింది. సార్ పట్టుబట్టాడు. "దీని మీద పేటెంటు అడుగుదాం. హక్కు కోసం గాదు. సర్కారు కాయితం మీద ఇది కొత్త సంగతి అని ఎక్కిందనుకో, లోపం లేదని ఇగ ఎవరూ అనలేరు." చెన్నైలో పేటెంటు వ్యవహారాలు చూసే ఒక ముసలి వకీలును పట్టుకున్నాం. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. మా దరఖాస్తు చదివి, "బాగుందమ్మా, కానీ గోడకు తలకాయ కొట్టుకోవడమే" అన్నాడు. అయినా వేశాడు.

సంవత్సరాలు గడిచాయి. మధ్యలో తెలంగాణ ఉద్యమం రాజుకుంది. కాలేజీలు మూతపడ్డాయి. ఆఫీసుల ముందు టెంట్లు లేచాయి. జనగామలో సార్ దీక్షా శిబిరంలో కూర్చుని బ్యానర్ల మీద అక్షరదోషాలు దిద్దుతున్నాడని విన్నాను. కాల్పులు జరిగిన మానుకోట స్టేషను పేరు వింటేనే మా యాడి, అంటే మా అమ్మ, గుండె పట్టుకునే రోజులవి. ఆ గొడవల మధ్యలోనే చెన్నై నుంచి కవరు వచ్చింది. మా దరఖాస్తు కొట్టేశారు. కారణాలు రెండు. ఇది వట్టి కంప్యూటరు ప్రోగ్రాము, చట్టం దీన్ని ఆవిష్కరణగా ఒప్పుకోదు. పైగా ముఖ్యమైన పనికి చోటు అట్టిపెట్టడం ఇదివరకే వేరే దేశాల్లో రాసి ఉన్నదే.

సార్ ఆ కాగితంలో కూడా రెండు తప్పులు దిద్ది, కింద "అప్పీలు" అని రాసి నాకు పంపాడు.

అప్పీలు విచారించే బోర్డు కూడా చెన్నైలోనే ఉంది. తేదీ పడటానికి ఏడాదికి పైనే పట్టింది. పడిన తేదీకి సరిగ్గా తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. అప్పటికి ఊళ్ళలో అన్ని పనులూ ఆగిపోయాయి. బస్సులు లేవు, బళ్ళు లేవు. బాయి కూడా ఆగింది. వేలమంది దిగి ఎక్కే చోట మనిషి చప్పుడు లేదు. మనుషులు లేకపోయినా కింద నీళ్ళు ఊరుతూనే ఉంటాయి, బొగ్గు వేడెక్కుతూనే ఉంటుంది. అందుకని పంపులు నడిపేందుకు, గాలి చూసేందుకు కొద్దిమందిని సమ్మె నుంచి యూనియన్లే మినహాయించాయి. అందులో మా అన్న ఉన్నాడు, నేనూ ఉన్నాను.

ఖాళీ బాయి మీద కూర్చుని అంకెలు చూడటం నాకు ఏ రోజూ అలవాటు కాలేదు. గాలి పంకాలు సగమే తిరుగుతున్నాయి. తొమ్మిదో గడిలో అంకె రోజుకు కొంచెం కొంచెం పెరుగుతోంది. హద్దు లోపలే ఉంది. ఓవర్‌మెన్‌కు రోజూ చెప్పేదాన్ని. అతనూ రోజూ మనిషిని పంపి చూపించేవాడు.

అన్నకు చెన్నై సంగతి చెప్పినప్పుడు కోపమొచ్చింది. "ఊరు ఊరంత పట్టాల మీద ఉంటె, నువ్వు కాయితం పట్టుకోని రైలెక్కుతవా?"

"గది నా కాయితం గాదన్నా. నువ్వు దిగే బాయి కాయితం."

"తెలంగాణ వచ్చినంక మన బాయిని మనమే మంచిగ చేసుకుంటం. అప్పటిదాక ఓర్సుకో."

"గాలి ఓర్సుకుంటదా?"

అతను చెప్పులేసుకుని డ్యూటీకి పోయాడు. మా మధ్య చివరికి ఆ మాటే మిగిలిపోతుందేమోనని తర్వాత రెండు రోజులు భయపడుతూనే ఉన్నాను.

నా బదులు కూర్చోవడానికి ఆఫీసు నుంచి రిటైరుకు దగ్గరపడ్డ టైపిస్టు ఒకాయన వచ్చాడు. ఆయనకు గడులు చూపించి, నోటుబుక్కు చేతికిచ్చి, ఒక్కటే చెప్పాను. "సార్, నేనొచ్చేదాక ఈ మిషను మీద లిస్టులేం తీయొద్దు. ఎవరడిగినా తీయొద్దు." ఆయన తలూపాడు.

మర్నాడు తెల్లారి జీపు దొరికింది. పెద్ద రోడ్ల మీద జనం రాళ్ళు పెట్టి వంటలు చేస్తున్నారు. అందుకని డ్రైవరు అడవి దారి పట్టాడు. గంగారం మీదుగా పోతుంటే దారి పొడవునా ఒక్క మనిషి ఎదురు రాలేదు. గంగారంలో టీ కొట్టు మూసి ఉంది, తలుపు మీద బొగ్గుతో జై తెలంగాణ అని రాసి ఉంది. ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. జీపులో ఉన్న ఒకామె, "కోర్టు కాయితాలా?" అని అడిగింది. అవునన్నాను. "మంచిగ కాదు, ఇట్లాంటి దినాల కోర్టుకు పోవుడు" అంది. ఆమె ఊరికే అన్న మాటే. నాకు మాత్రం దారంతా అదే వినపడింది.

మధ్యాహ్నానికి మానుకోట స్టేషను చేరాను. మా ఒప్పందం ప్రకారం సార్ జనగామ నుంచి కాజీపేట మీదుగా అక్కడికి రావాలి. ఇద్దరం కలిసి చెన్నై బండెక్కాలి. పట్టాల మీద ఇసుక పోసినట్టు జనం. దూరంగా ఒక గూడ్సు బండి ఇంజన్ ఆపుకుని నిలబడి ఉంది. ప్లాట్‌ఫారం చివర లాఠీలు పట్టుకున్న పోలీసులు వరుసగా, ఎటూ కదలకుండా ఉన్నారు. జనం పాడే పాటలు వాళ్ళ దాకా వినపడుతున్నాయి.

సార్‌కు ఫోను చేశాను. అటువైపు కూడా అవే పాటలు.

"సార్, ఎక్కడున్నరు?"

"జనగామల్నే ఉన్ననమ్మా. పట్టాల మీద."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మీరే రైలు ఆపుతున్నరా?"

"మాట ఇచ్చిన. నా దగ్గర చదువుకున్న పిల్లలంత కూసున్నరు. సాయంత్రం దాక ఇడుస్తరనుకున్న, ఇడుస్తలేరు. వకీలుకు చెప్పి వాయిదా అడుగుదాం. అప్పీలు మల్ల అడగొచ్చు, గిది మల్ల రాదు."

"నోటీసుల ఏం రాసిన్రో మీరే చదివి చెప్పిన్రు గద సార్. రాకపోతె కొట్టేస్తమని ఉంది."

"తెలుసు."

ఫోను పెట్టేశాను. ఆయన మీద అంత కోపం అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆయన తప్పనీ అనలేను. ఫోను చేతిలో పట్టుకుని స్టేషను మెట్ల మీద కూర్చున్నాను.

అలా కూర్చుని ఉండగానే, ఊరికే, ఆఫీసుకు ఫోను చేశాను. టైపిస్టు ఎత్తాడు.

"తొమ్మిదో నంబరు ఎంతుంది సార్?"

చెప్పాడు. నిన్న సాయంత్రం నేను రాసిన అంకే అది.

"పొద్దుగాల ఎంతుండె?"

"గింతే ఉండె. చాలా మంచిగ ఉందమ్మా, పొద్దటి సంది ఒక్క పాయింటు గూడ పెరగలే."

రోజూ పెరుగుతున్న అంకె ఒక్కసారిగా ఎందుకు ఆగుతుంది? "సార్, మిషను మీద ఏమన్న నడుస్తుందా?"

ఆయన గొంతు తగ్గించాడు. "మీదికెల్లి ఫోనొచ్చిందమ్మా. సమ్మెల ఉన్నోళ్ళ పేర్లన్ని తియ్యమన్నరు. ఎవలెవలు ఎన్ని దినాలు రాలేదో లిస్టు. పొద్దటి సంది అచ్చయితనే ఉంది. నేనేం జేస్త?"

"మిగతా గడులు? పదహారింట్ల ఒక్కటన్న మారిందా?"

కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. "లేదు" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకూ అర్థమైంది. "అయ్యో" అన్నాడు.

ఓవర్‌మెన్‌కు కలిపాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కలిపాను. మూడోసారి ఎత్తాడు.

"అన్నా, తెర చూడకున్రి. తెర ఆగిపోయింది. కింద ఎంతమంది ఉన్నరు?"

"నలుగురు. పంపు కాడ. మీ అన్న గూడ ఉన్నడు."

"మీదికి పిలువున్రి."

"పంపు ఇడిచిపెట్టి వస్తె నీళ్ళు నిండుతయి. నాకు ఆర్డరు ఉండాలె. గంట మోగిందా?"

"గంట మోగదన్నా! ఆనాడు గూడ మోగలే. నేను ఫోన్ చేసి మంచిగ అనిపిస్తలేదు అన్న, మీరు పచ్చగుంటె ఇంకేంది అన్నరు. యాదికుందా?"

నా పక్కనున్న జనం పాట ఆపి నా వైపు చూస్తున్నారని అప్పుడే గమనించాను. నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు.

"యాదికుంది" అన్నాడు. "పెట్టెయ్. నేనే దిగుత."

తర్వాత నలభై నిమిషాలు ఎవరి ఫోనూ రాలేదు. నేను చేసినా ఎవరూ ఎత్తలేదు. ఒకామె మంచినీళ్ళ సీసా ఇచ్చి, "ఎవలు బిడ్డా కింద?" అని అడిగింది. "మా అన్న" అన్నాను. ఆమె తన వాళ్ళకు చెప్పింది. మెట్ల చుట్టూ పదిమంది ఊరికే నిలబడ్డారు. ఎవరూ ధైర్యం చెప్పలేదు. అది నాకు నయమనిపించింది.

చివరకు అన్నే ఫోను చేశాడు. మా భాషలో మాట్లాడాడు. తలనొప్పిగా ఉందట, అంతే అన్నాడు. ఓవర్‌మెన్ చేతి మీటరుతో వస్తూ తొమ్మిదో గోడ దగ్గర కొలిస్తే, అంకె హద్దుకు రెట్టింపు దాటి ఉందట. గోడకు కొత్త పగులు. ఆ గాలి అప్పటికే పంపు వైపు మళ్ళింది. నలుగురూ నడిచే పైకి వచ్చారు. ఒకతను మాత్రం పైకి వచ్చాక కక్కుకుని పడిపోయాడు, దవాఖానకు తీసుకుపోయారు. "లిస్టుల నా పేరు లేదు గద?" అని అన్న నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అప్పుడు గుర్తొచ్చి చెన్నై వకీలుకు చేశాను. "మీ ఊళ్ళో రైళ్ళు ఎప్పుడు వదులుతారమ్మా?" అన్నాడు. జరిగింది చెప్పాను. ఆయన గొంతు మారింది. "మీరు రాకండి. మీ అన్నయ్య దగ్గరికి వెళ్ళండి. బోర్డుకు నేను చెప్పుకుంటాను" అన్నాడు. చెప్పుకున్నాడు కూడా. రైళ్ళు లేవన్న కారణం మీద వాయిదా ఇచ్చారు.

తిరిగి భూపాలపల్లి చేరేసరికి కాంట్రాక్టరు మేనేజరు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, మర్యాదగా "రండి" అన్నాడు. ఆ రోజు మిషను రాసుకున్న వివరాలు చూపమన్నాను. మిషను శుభ్రం చేయించామని, పాతవి పోయాయని చెప్పాడు. "ఆ రోజు ఏం జరగలేదు కదమ్మా, అందరూ బాగానే ఉన్నారు" అన్నాడు. నోటుబుక్కు ఏదని నన్నే అడిగాడు. టైపిస్టు దాన్ని ఆ సాయంత్రమే చొక్కా లోపల పెట్టుకుని తీసుకుపోయి మా వదిన చేతికిచ్చాడని నాకు అప్పటికే తెలుసు. "యాద్ లేదు సార్" అన్నాను.

అప్పీలు విచారణ మరుసటి ఏడు జరిగింది. సారూ నేనూ కలిసే వెళ్ళాం. ప్రయాణమంతా ఆయన పట్టాల మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చెన్నై దగ్గరపడుతుండగా కిటికీ వైపు చూస్తూ, "ఆనాడు మీ అన్నకు ఏమన్న అయితె నేనేం చేస్తుంటినో నాకు తెలువదమ్మా" అన్నాడు. నేను ఆయన సంచీలోంచి ఎర్ర పెన్ను తీసి చేతిలో పెట్టి, మా వాదన కాగితాలు ఒకసారి చూడమన్నాను.

బోర్డులో ఇద్దరు కూర్చున్నారు, చట్టం తెలిసినాయన ఒకరు, సాంకేతికం తెలిసినాయన ఒకరు. ముఖ్యులకు రైల్లో సీట్లు అట్టిపెట్టడం లాంటిదే కదా, ఇందులో కొత్తేముంది అని చట్టం ఆయన అడిగాడు. అంకె హద్దు దాటకముందే ఎంత చోటు కావాలో మిషను తనే తేల్చుకోవడం కొత్త అని సార్ చెప్పాడు. వకీలు సమ్మె రోజుల నా నోటుబుక్కు ముందు పెట్టాడు. దరఖాస్తు వేసిన నాటికి లేని రుజువు ఇప్పుడు తీసుకోలేమన్నారు. రెండో ఆయన మాత్రం దాన్ని తెరిచి, ఒకే అంకె వరుసగా రాసి ఉన్న పేజీ చాలాసేపు చూశాడు.

"ఆ రోజు కింద ఎంతమంది ఉన్నారు?" అని నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

"నలుగురు. ఒకరు మా అన్న" అన్నాను.

ఆయన పుస్తకం మూసి వకీలుకు ఇచ్చేశాడు. ఏమీ రాసుకోలేదు.

ఆర్డరు కొన్ని నెలలకు వచ్చింది. ఇది వట్టి ప్రోగ్రాము కాదు, ప్రాణాపాయాన్ని తగ్గించే సాంకేతిక పనే అని మొదటి కారణాన్ని కొట్టేశారు. రెండో దానిలో మాత్రం ఒప్పుకోలేదు. చోటు అట్టిపెట్టడం పాత సంగతే, దాన్ని పెంచడం తగ్గించడం ఆ విద్య తెలిసిన వాడెవడైనా చేయగలడు అన్నారు. అప్పీలు కొట్టేశారు.

జనగామలో సార్ ఆ ఆర్డరు చదివి చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఎవడైనా చేయగలడు అన్నరు. మంచిదే. మరి ఎవడూ ఎందుకు చేయలే?" అన్నాడు. ఆ కాగితంలో ఆయన ఏమీ దిద్దలేదు. నాకు అదే ఎక్కువ బాధ అనిపించింది.

రాష్ట్రం వచ్చింది. భూపాలపల్లి వీధుల్లో గులాల్ చల్లుకున్నాం, అన్న నన్ను ఎత్తి గిరగిర తిప్పాడు. ఆ సంబరం నిజమైనదే. దాన్ని తక్కువ చేసి రాయలేను. తర్వాత ఏడాదికి గాలి అంకెల కోసం వేరే మిషను వచ్చింది, పాతదానికి నాలుగింతల శక్తి. ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేదు. పాత కాంట్రాక్టరు పోయాడు, అతనితో నా ఉద్యోగమూ పోయింది. మానుకోటలో కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది.

కొత్త ఆపరేటరుకు అప్పగించి వచ్చే రోజు, కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన గది చూడటానికి వచ్చాడు. మిషను మీద చెయ్యి వేసి, నా వైపు తిరిగి మెచ్చుకోలుగా అన్నాడు.

"ఇంత పెద్ద మిషను ఒక్క గాలికేనా మేడం? ఖాళీగా పడి ఉంది. వచ్చే నెల సంది హాజరు గూడ దీని మీదికే మారుస్తున్నం."

ఆయనకు అన్నీ చెప్పాను. విన్నాడు. రాసి ఇమ్మన్నాడు. అక్కడే నిలబడి నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. ముట్టినట్టు ముద్ర వేసిన కాగితం నా దగ్గర ఉంది. జవాబు ఇంకా రాలేదు. అన్న ఈ వారం మొదటి షిఫ్టులో కిందికి దిగుతున్నాడు.